రెండు రోజుల భద్రతా శిక్షణ: చట్టాల పాఠం చప్పగా, మ్యాన్‌హోల్ దగ్గరి పాఠం అద్భుతంగా

పరవాడ ఫార్మా సిటీలో ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిపదార్థాలు తయారుచేసే) యూనిట్‌కు నేను ప్రొడక్షన్ షిఫ్ట్ ఇన్‌ఛార్జిని. రసాయన భద్రత, ప్రభుత్వ నిబంధనల మీద మా సిబ్బందికి శిక్షణ ఇవ్వడానికి యాజమాన్యం ఈమధ్య హైదరాబాదు నుంచి ఒక సంస్థను పిలిపించింది. ఇలాంటి శిక్షణకు డబ్బు పెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్న యూనిట్లవాళ్లకు నా మాట ఒకటే: పెట్టండి. కానీ ఏమేం కావాలో ముందే గట్టిగా అడిగి పిలవండి.

మొదటి పూట చట్టాల పాఠం. తెర మీద సెక్షన్లు వస్తున్నాయి, పోతున్నాయి. చేతికిచ్చిన పుస్తకం 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం దగ్గరే ఆగిపోయింది. దాని స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అనే కొత్త చట్టం 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన ఊసే అందులో లేదు. నిబంధనలు నేర్పడమే వృత్తిగా పెట్టుకున్న సంస్థకు ఇది తగదు. పైగా అసలు చెప్పాల్సింది పైపైన తేల్చేశారు. ప్రాణాపాయం పొంచి ఉందనిపిస్తే ఆ సంగతి యాజమాన్యానికీ, అదే సమయంలో ప్రభుత్వ ఇన్‌స్పెక్టరుకూ తెలియజేసే హక్కు కార్మికుడికి ఉంది. పాత చట్టంలో 41హెచ్ సెక్షన్ అదే, కొత్త కోడ్‌లోనూ ఆ హక్కు ఉంది. మా కాంట్రాక్టు కార్మికుల్లో చాలామంది ఆ మాట వినడం అదే మొదటిసారి. దాని మీద గంటసేపు మాట్లాడాల్సింది పోయి, అర నిమిషంలో దాటేశారు.

మధ్యాహ్నం వచ్చిన బోధకుడు వేరు. ప్లాంట్లలో పనిచేసి వచ్చిన మనిషని ఆయన నిలబడ్డ తీరులోనే తెలిసిపోయింది. కడిగి ఆరబెట్టిన ఖాళీ డ్రమ్ము ఒకటి తెప్పించి, సాల్వెంట్ (పదార్థాలను కరిగించే, తేలిగ్గా అంటుకునే ద్రవం) తీసేటప్పుడు పుట్టే స్థిర విద్యుత్తును నేలకు పంపే ఎర్తింగ్ క్లిప్ ఎలా పెడతారో చూపించమన్నారు. మా ఆపరేటర్ అంచుకు తగిలించాడు. ఆయన, కరెంటుకు దారి ఉంటే కూత పెట్టే మల్టీమీటర్ ఒక కొసను క్లిప్‌కూ, రెండో కొసను డ్రమ్ము మూతి దగ్గరి ఉత్త లోహానికీ ఆనించారు. మీటరు పలకలేదు. క్లిప్‌కూ ఇనుముకూ మధ్య నీలం పెయింటు పొర అడ్డుగా ఉంది. పళ్లున్న క్లిప్‌ను అటూ ఇటూ తిప్పి గట్టిగా నొక్కాక, పెయింటు చీలి అప్పుడు కూత వచ్చింది.

“క్లిప్ కనపడితే చాలదు తమ్ముడూ, కరవాలి” అన్నారు.

టోలుయీన్ అనే సాల్వెంట్ ఫ్లాష్ పాయింట్, అంటే దాని ఆవిరి రవ్వ తగిలితే అంటుకోగల కనీస ఉష్ణోగ్రత, 4 డిగ్రీల సెల్సియస్. అంటే మా విశాఖ వాతావరణంలో అది ఏడాది పొడవునా అంటుకోవడానికి సిద్ధంగానే ఉంటుంది, చిన్న స్థిర విద్యుత్ రవ్వ చాలు. 2024 ఆగస్టు 21న మాకు దగ్గర్లోనే ఉన్న అచ్యుతాపురంలో సాల్వెంట్ లీకై, ఆవిరి అంటుకుని 17 మంది చనిపోయారు. ఆ పేరు వచ్చినప్పుడు గదిలో ఎవరూ కదల్లేదు. మాలో చాలామందికి ఆ యూనిట్‌లో తెలిసినవాళ్లున్నారు.

రెండో రోజంతా రియాక్టర్‌లోకి, అంటే రసాయన చర్య జరిపే పెద్ద మూసిన పాత్రలోకి, దిగే పని మీదే. ఈ ఒక్క పాఠానికే మొత్తం రుసుము ఇవ్వవచ్చు. పక్కన పెట్టిన పాత రియాక్టర్‌లోకి నైట్రోజన్ వదిలి, గ్యాస్ మీటరు గొట్టాన్ని మ్యాన్‌హోల్ (మనిషి లోపలికి దిగే మూతి) లోంచి మెల్లగా దించారు. 20.9 శాతం ఉన్న ఆక్సిజన్ అంకె 19.5 కంటే కిందికి జారగానే అలారం మోగింది, అంకె ఇంకా పడిపోతూనే ఉంది. “వాసనేమీ లేదు కదా సార్” అన్నాడు ఒక హెల్పర్. నైట్రోజన్‌కు వాసన ఉండదు, దగ్గు రాదు, ఊపిరాడడం లేదని తెలిసేలోపే మనిషి కూలిపోతాడు. అందుకే పైన, మధ్యలో, అడుగున మూడుచోట్లా చూడాలన్నారు. సాల్వెంట్ ఆవిరి గాలికన్నా బరువు, అడుగునే పేరుకుంటుంది.

తర్వాత మనిషంత బరువున్న ఇసుక బొమ్మను లోపల పడేసి బయటికి తీయమన్నారు. కండలు తిరిగిన ఇద్దరు కుర్రాళ్లు మ్యాన్‌హోల్ మీద వంగి ఎంత లాగినా అది భుజాల దగ్గరే ఇరుక్కుపోయింది. ట్రైపాడ్ నిలబెట్టి, బొమ్మకు కట్టిన పట్టీల జీను కొక్కేనికి తాడు తగిలించి, వించ్ తిప్పితే నిటారుగా లేచి వచ్చింది. పడిపోయినవాడిని చూసి తట్టుకోలేక వెంటనే దూకినవాళ్లూ అతనితోపాటే పోతారని ఇక వేరే చెప్పనక్కరలేకపోయింది.

చివర్లో పెట్టిన పరీక్ష మాత్రం మొక్కుబడి. జవాబులు ముందే చెప్పి, అందరికీ సర్టిఫికెట్లు పంచారు. ఆడిట్‌కు కాగితం చూపడానికి అది పనికొస్తుంది గాని, క్లిప్ సరిగ్గా పెట్టగలడో లేదో ఆ కాగితం చెప్పదు. అంతకన్నా పెద్ద లోపం, పాఠమంతా తెలుగులోనే సాగడం. మా డ్రమ్ములు దొర్లించేవాళ్లలో ఒడిశా, బిహార్ కుర్రాళ్లు ఎక్కువ. ప్రమాదానికి అందరికన్నా దగ్గరగా నిలబడేది వాళ్లే, వెనక బెంచీల్లో అర్థంకాక కూర్చున్నదీ వాళ్లే.

మా యూనిట్ ఈ సంస్థను మళ్లీ పిలుస్తోంది. రెండో బోధకుడే రావాలని, హిందీలో చెప్పగలిగినవాళ్లు తోడుండాలని, పుస్తకం కొత్త కోడ్ ప్రకారం మార్చాలని, పరీక్ష కాగితం మీద కాకుండా డ్రమ్ము దగ్గరా మ్యాన్‌హోల్ దగ్గరా పెట్టాలని ఈసారి ఆర్డరులోనే రాయించాను.