టెస్టుల్లేని కోడ్‌కి దారి చూపించారు

గుంటూరు మిర్చి యార్డు కమీషన్ కొట్ల కోసం నేను రాసిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఒక్క టెస్టూ (కోడ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో ఆటోమేటిక్‌గా చూసే చెకింగ్) లేదు. ఏది ముట్టుకున్నా టెన్షనే. బ్రాడీపేటలో ఒక టెస్టింగ్ సర్వీసు వాళ్లని పిలిచాను.

లాగిన్ పేజీతో మొదలుపెడతారనుకున్నా. వచ్చినావిడ ముందు గిట్ హిస్టరీలో (కోడ్‌లో చేసిన మార్పుల రికార్డులో) ఎక్కువసార్లు మారిన ఫైలేదో చూశారు. తర్వాత, "ఎక్కడ తప్పితే రైతుకి డబ్బు తగ్గుతుందండీ?" అని అడిగారు. రెండింటికీ జవాబొకటే: టిక్కీల (మిర్చి బస్తాల) తూకం నుంచి సరుకు విలువ కట్టే ఫంక్షన్.

చేత్తో రాసిన 40 తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీలు) తెప్పించి, వాటి లెక్కలనే టెస్టులుగా పెట్టారు. రెండు ఫెయిలయ్యాయి. 42.5 కిలోలని నా కోడ్ 42గా తీసుకుంటోంది! ఆ అర కిలో రైతుది. ఆ రాత్రే సరిచేశాను.

వాళ్లిచ్చే టెస్టింగ్ రిపోర్టు రెండు రోజులు ఆలస్యమైంది, అంతే. నా సాఫ్ట్‌వేర్‌లోని రిపోర్ట్స్ స్క్రీన్‌కి టెస్టులు ఇప్పుడే వద్దన్నారు. నిజమే, అక్కడ తప్పు కంటికి కనిపిస్తుంది.