మియాటా క్యాబిన్ వేడి: హీటర్ వాల్వా, టన్నెల్ ఇన్సులేషనా?

మొదటి తరం మాజ్డా మియాటా (మడిచే టాప్ ఉన్న రెండు సీట్ల చిన్న కారు) బరువు సుమారు 950 కిలోలే. ఎగ్జాస్ట్ గొట్టం గేర్‌బాక్స్ పక్కగా పోతుంది కాబట్టి కాళ్లకు సెగ తగులుతుంది. దీనికి రెండు మార్గాలు: హీటర్‌లోకి వేడి కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) పోకుండా ఆపే వాల్వ్ పెట్టడం, లేదా టన్నెల్‌కు (సీట్ల మధ్య గేర్‌బాక్స్‌ను కప్పి ఉండే రేకు భాగం) వేడిని ఆపే ఇన్సులేషన్ వేయడం. ముందుగా గేర్ లివర్ అడుగున ఉండే రబ్బరు తొడుగు (బూట్) చూడండి. అది చిరిగి ఉంటే వేడిగాలి నేరుగా లోపలికొస్తుంది, మిగతా ఖర్చంతా దండగ.

ఖర్చు: వాల్వ్ చవక. ఇన్సులేషన్‌కు ఎక్కువే.

శ్రమ: వాల్వ్‌కైతే చల్లబడిన ఇంజిన్‌లో కూలెంట్ కొంత దించి, హీటర్ గొట్టాలు కోసి, క్లిప్పులు బిగించి, చివర్లో కూలెంట్‌లో చేరిన గాలి పూర్తిగా తీయాలి. ఇన్సులేషన్‌కు సీట్లు, కన్సోల్, కార్పెట్ ఊడదీయాలి. ఒక రోజు పని.

రిస్కు: రెండు దారుల వాల్వ్ హీటర్ గొట్టంలో ప్రవాహాన్ని పూర్తిగా ఆపేస్తుంది. నాలుగు దారులది తీసుకోండి, కూలెంట్ హీటర్‌ను తప్పించుకుని తిరుగుతూనే ఉంటుంది. ఇన్సులేషన్‌లో అసలు ప్రమాదం తడి. టాప్ కారే కారులో నీరు పీల్చే స్పాంజి వేస్తే ఫ్లోర్ తుప్పు పడుతుంది. నీరు పీల్చని క్లోజ్డ్ సెల్ ఫోమే వాడాలి. తారు షీట్లు వద్దు, ఎండకు మెత్తబడి వాసనొస్తాయి. వేడిని తిప్పికొట్టే ఫాయిల్ షీల్డును రేకుకు అతికించకండి, మధ్య గాలి ఖాళీ ఉంటేనే పనిచేస్తుంది.

హీటర్ నాబ్ చల్లని వైపున్నా వెంట్లలో వెచ్చటి గాలి వస్తుంటే వాల్వ్. టన్నెల్ ముట్టుకుంటే కాలుతుంటే ఇన్సులేషన్, అదీ టన్నెల్‌కూ కాళ్ల దగ్గరికీ మాత్రమే. ఫ్లోరంతా పరిస్తే ఈ కారు తేలికదనమే పోతుంది.