‘ఒక్కరోజులో మీ హాల్లో సముద్రం’ ప్యాకేజీకి అడ్వాన్సు ఇవ్వకండి

హైదరాబాద్‌లో మొదటిసారి పెద్ద ఉప్పునీటి అక్వేరియం పెట్టించుకోవాలనుకునేవారు కొనేముందు ఇది చదవండి. ట్యాంకు, సంప్ (ట్యాంకు కింద ఉండి నీటిని శుభ్రపరిచే రెండో తొట్టి), స్కిమ్మర్ (నురగతో మురికి తీసే పరికరం), లైట్లు, ఉప్పు, రాళ్లు, చేపలు అన్నీ కలిపి ఒకే ధరకు, ఒకే రోజులో అమర్చి ఇస్తామనే దుకాణం కనిపిస్తే వెనక్కి వచ్చేయండి. మా ఇంట్లో 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తున్న ట్యాంకు అలాగే వచ్చింది. ఉదయం నీళ్లు నింపారు, సాయంత్రం చేపలు వదిలారు, వారం తిరిగేసరికి ట్యాంకులో రాళ్లే మిగిలాయి. దుకాణం పేరు రాయడం లేదు. ఇదే పద్ధతిలో అమ్మేవారు ఇంకా ఉన్నారు కాబట్టి పద్ధతిని గుర్తుపట్టండి.

చేపల విసర్జన, తినగా మిగిలిన మేత నీటిలో అమోనియాగా మారతాయి. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, మరో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకు విషాలు, మూడోది కొంత మోతాదు వరకు ఫరవాలేదు. ఈ బ్యాక్టీరియా రాళ్ల మీద, ఇసుకలో స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. దీన్నే సైక్లింగ్ అంటారు. చేపలు లేకుండా కొద్దిగా అమోనియా వేసి, అదీ నైట్రైటూ రెండూ సున్నాకు దిగాయని టెస్ట్ కిట్‌తో చూశాకే మొదటి చేప రావాలి. మాకు అమర్చిన వ్యక్తి ఒక సీసా వంచి, ‘బ్యాక్టీరియా పోశాను, ఇక భయం లేదు’ అన్నాడు. అలాంటి సీసాలలో మంచివి పని త్వరగా జరగడానికి తోడ్పడతాయి, నిజమే. కానీ పని పూర్తయిందో లేదో కిట్ చెప్పాలి. ప్యాకేజీలో కిట్ లేదు. అడిగితే, ‘అది ఉంటే అనవసరంగా కంగారు పడతారు సార్’ అని జవాబు! చేపలు పోయాక అదే మనిషి ‘ఈసారి గట్టి రకాలు వేద్దాం’ అంటూ డామ్సెల్ చేపలకు ధర చెప్పాడు. అవి తట్టుకోవచ్చు, కానీ పెద్దయ్యాక తర్వాత వచ్చే ప్రతి చేపనూ తరిమి కొరుకుతాయి. వాటిని పట్టుకోవాలంటే రాళ్లన్నీ బయటికి తీయాలి.

ఉప్పు పేరు లేని ప్లాస్టిక్ సంచుల్లో వచ్చింది. లీటరుకు దాదాపు 35 గ్రాముల చొప్పున ఇంత ట్యాంకుకు పది కిలోల పైమాటే కావాలి, కాబట్టి కక్కుర్తి పడేవారికి ఇక్కడే లాభం. కల్లుప్పు కలిపినా సముద్రపు నీటిలాగే సాంద్రత 1.025 చూపిస్తుంది, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌కు తేడా తెలియదు. సముద్రపు నీటిలో లీటరుకు కాల్షియం 400 మిల్లీగ్రాముల పైన, మెగ్నీషియం 1,300 దరిదాపుల్లో ఉంటాయి. తర్వాత నేను పరీక్షిస్తే మా నీటిలో కాల్షియం అందులో సగం కూడా లేదు. కంపెనీ సీలు, బ్యాచ్ నంబరు ఉన్న ఉప్పు తప్ప మరొకటి ముట్టుకోకండి.

నీటి విషయంలోనూ ఇదే నిర్లక్ష్యం. ‘ఇంట్లో తాగే ఫిల్టర్ నీళ్లు చాలు’ అన్నారు. తాగునీటి ఆర్‌ఓ యంత్రాలు చాలావాటిలో రుచి కోసం కొంత ఖనిజాలు వదిలేసే ఏర్పాటు ఉంటుంది. మనకు కావలసింది ఆర్‌ఓ తర్వాత, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ గుండా వచ్చిన, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) సున్నా చూపించే నీరు. టీడీఎస్ మీటరు కొని చేతిలో పెట్టుకోండి, ఖరీదైనదేమీ కాదు. ఇంకో ఘోరం: ఆవిరై తగ్గిన నీటికి బదులు ఉప్పునీళ్లు పోయమని చెప్పి వెళ్లారు. ఆవిరయ్యేది నీరే, ఉప్పు ట్యాంకులోనే ఉంటుంది. పోయవలసింది ఉప్పు కలపని ఆ డీఐ నీళ్లే. వాళ్ల మాట వింటే ఉప్పదనం రోజురోజుకూ పెరుగుతుంది.

ఏప్రిల్ నెలలో హైదరాబాద్ ఇంటికి హీటరు ఇచ్చి, నీటిని చల్లబరిచే చిల్లర్ ఇవ్వని ప్యాకేజీని ఏమనాలో మీరే చెప్పండి. నీరు 25 నుంచి 27 డిగ్రీల మధ్య నిలకడగా ఉండాలి. బయట 40 దాటే ఊళ్లో, పంపులు, లైట్ల వేడి కూడా తోడైతే, చిల్లర్ తప్పదు. నీరు వేడెక్కేకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. కొటేషన్ తీసుకునేటప్పుడే చిల్లర్ ధర, నెలకు అది తాగే కరెంటు అడగండి. మొత్తం లెక్క అక్కడే తారుమారవుతుంది.

అమర్చినవారు ఇల్లు దాటకముందే మెయిన్ స్విచ్ ఆపి చూడండి. కరెంటు పోతే పై ట్యాంకు నీరు పైపుల గుండా కిందికి జారుతుంది. సంప్‌లో ఆ నీటికి చోటు లేకపోతే హాలంతా ఉప్పునీరే. బరువు సంగతి కూడా ఉంది. ఈ కొలత ట్యాంకులో నీరే 450 లీటర్ల దాకా పడుతుంది, అద్దం, రాళ్లు, స్టాండు, సంప్ అదనం. అపార్ట్‌మెంట్‌లో ఉండేవారు ఇంజినీరును అడిగి చోటు నిర్ణయించండి.

మాకు అంటగట్టిన చేపల్లో బ్లూ టాంగ్ పిల్ల ఒకటి. అది దాదాపు 30 సెంటీమీటర్లు పెరిగి, ఈదడానికి ఇంతకంటే పొడవైన ట్యాంకు అడిగే రకం. మాండరిన్ చేప మరొకటి. అది రాళ్ల మీద బతికే సూక్ష్మమైన జీవులను తింటుంది, కొత్త ట్యాంకులో అవి ఉండవు. మా ఇంట్లో దానికి ఆకలితో చచ్చే వ్యవధి కూడా దొరకలేదు. మొదటి చేపగా పెంపకంలో పుట్టిన క్లౌన్ ఫిష్ అడగండి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మన దేశంలోనే వాటి పిల్లలను ఉత్పత్తి చేసే పద్ధతులు రూపొందించింది. ఏ చేపనైనా దుకాణంలో మీ కళ్లముందు మేత తిన్నాకే డబ్బు తీయండి.

అన్నిటికంటే ప్రమాదం ‘ఉచిత’ పగడాలు. మాకు అలంకరణ అంటూ రెండు గట్టి పగడపు ముక్కలు పెట్టారు, బిల్లులో వాటి ఊసే లేదు. వన్యప్రాణుల సంరక్షణ చట్టం, 1972 కింద గట్టి పగడాలు, సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలు అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఆ షెడ్యూలు జీవుల విషయంలో నేరం రుజువైతే మూడు నుంచి ఏడేళ్ల జైలు. పైగా మన దగ్గర ఉన్నది చట్టబద్ధమని చూపించుకోవలసిన భారం మన మీదే పడుతుంది. మన తీరాల నుంచి తెచ్చిన ‘లైవ్ రాక్’ (సూక్ష్మజీవులు పట్టిన సముద్రపు రాయి) కూడా చాలావరకు పగడపు అస్థిపంజరమే. తయారు చేసిన సిరామిక్ రాళ్లు వాడుకోండి.

మా బిల్లులో చేపల చోట ‘మిశ్రమ చేపలు’ అని ఒకే పంక్తి ఉంది. పంపు, స్కిమ్మర్‌ల మోడల్ నంబర్లు లేవు. ఇప్పుడు డబ్బు వెనక్కి అడుగుతుంటే దుకాణదారు పట్టుకున్నది ఆ పంక్తినే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. మీరు ఇప్పటికే ఇలాంటి ప్యాకేజీకి అడ్వాన్సు ఇచ్చి ఉంటే, చేపలు, రాళ్లు తీసేసి సామాను మాత్రమే పేర్లతో, మోడల్ నంబర్లతో బిల్లు చేయమని ఈరోజే రాతపూర్వకంగా అడగండి.