చదువుతూ పార్ట్‌టైమ్: క్యాంపస్ పనా, బయట షిఫ్టా, ట్యూషన్లా?

పార్ట్‌టైమ్ వెతికేటప్పుడు చాలామంది ముందు అడిగేది గంటకు ఎంతిస్తారని. షిఫ్టులు ఎవరు వేస్తారో ముందు అడగండి అంటాను నేను. సెమిస్టర్ చివర్లో మనల్ని గట్టెక్కించేదైనా, ముంచేదైనా అదే.

అసలు చదువుకే ఎంత టైమ్ కావాలో చూడండి. అమెరికా యూనివర్సిటీల లెక్కలో ఒక క్రెడిట్ అంటే వారానికి గంట క్లాసు, పైన కనీసం 2 గంటల సొంత చదువు. సెమిస్టర్‌లో 15 క్రెడిట్లు తీసుకుంటే వారానికి 45 గంటలు. ఇంకో 20 గంటల పని కలిస్తే 65. లాక్కురావచ్చు గానీ, రెండ్రోజులు జ్వరమొస్తే సర్దుకోవడానికి సందుండదు.

బయట దుకాణాల్లో, హోటళ్లలో గంటలు ఎక్కువ దొరుకుతాయి, చేతికి నాలుగు డబ్బులు ఎక్కువే వస్తాయి. అద్దె కట్టుకోవాల్సినవాళ్లకు అది పెద్ద విషయమే. కానీ క్లోజింగ్ షిఫ్టు రాత్రి పదింటి వరకే అన్నా పదింటికి తెమలదు. కౌంటర్లు తుడవాలి, క్యాష్ లెక్క సరిచూడాలి, మర్నాటికి సరుకు సర్దాలి. ఇల్లు చేరేసరికి కాళ్లు లాగేస్తుంటాయి. ల్యాప్‌టాప్ తెరిచి ఒకే పేరా మూడుసార్లు చదివినా బుర్రకెక్కదు. మర్నాడు పొద్దుటి క్లాసు కూడా ఆ షిఫ్టు ఖాతాలోకే పోతుంది. ఎవరో రాలేదని చివరి నిమిషంలో ఫోనొస్తే కాదనడం ఇంకో టెన్షన్.

క్యాంపస్‌లో జీతం కాస్త తక్కువైనా ప్రయాణం ఉండదు. రెండు క్లాసుల మధ్య ఖాళీలో పని అయిపోతుంది. పరీక్షలెప్పుడో పైవాళ్లకు మనం చెప్పక్కర్లేదు. లైబ్రరీ కౌంటర్లో తిరిగొచ్చిన పుస్తకాలు స్కాన్ చేసి బండిలో సర్దాక, జనం లేని వేళల్లో నోట్సు తిరగేసుకోనిచ్చేవాళ్లూ ఉంటారు. ప్రొఫెసర్ దగ్గర ల్యాబ్ పనైతే మరీ మంచిది. రేపు సిఫారసు లేఖ రాయాల్సిన మనిషి మన పనిని రోజూ చూస్తుంటారు. చిక్కల్లా ఈ ఉద్యోగాలు కొన్నే ఉంటాయి, సెమిస్టర్ మొదలవకముందే అడగాలి.

ట్యూషన్లు చెబితే మన పునాది కూడా గట్టిపడుతుంది. అయితే పిల్లల పరీక్షలూ మనవీ ఒకేసారి పడితే రెంటికీ న్యాయం చేయలేం.

విదేశాల్లో చదివేవాళ్లకు వీసా రూల్సే ముందు. అమెరికాలో ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద క్లాసులు నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే. అనుమతి లేకుండా బయట పని కుదరదు, డబ్బు తీసుకుని ట్యూషన్ చెప్పినా అదే లెక్క. ఆస్ట్రేలియాలో 2023 జులై నుంచి రెండు వారాలకు 48 గంటలు.

నా ఓటు క్యాంపస్ పనికే, జీతం తగ్గినా సరే. అది దొరక్కపోతే, వీసా అడ్డు లేనివాళ్లు బయట పనే చేయండి, కాకపోతే వారాంతంలో, పగటి షిఫ్టులకే ఒప్పుకోండి. చేరకముందే రెండు అడగండి: షిఫ్టులు ఎన్ని రోజుల ముందు చెబుతారు, పరీక్షల వారాల్లో గంటలు తగ్గిస్తారా? నీళ్లు నమిలితే ఇంకోచోట చూసుకోండి.