ఫోల్సమ్ ఎండలకు నిలిచిన జెర్మాండర్

నీళ్లు పెద్దగా అక్కర్లేదని చీటీ కట్టి అమ్మే మొక్కల్ని నేను తేలిగ్గా నమ్మను. కాలిఫోర్నియాలో, శాక్రమెంటో పక్కన ఫోల్సమ్‌లో మా ఇల్లు. ఇక్కడ జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన మాటే ఉండదు, 40 డిగ్రీలు దాటే రోజులు ఏటా తప్పవు. 2015 ఏప్రిల్‌లో గవర్నర్ జెర్రీ బ్రౌన్ పట్టణాల నీటి వాడకం 25 శాతం తగ్గాలని ఉత్తర్వు ఇచ్చాక, లాన్ పీకేసిన కుటుంబాల్లో మాదీ ఒకటి. ఆ ఖాళీలో ఏవేవో నాటాం. వాటిలో పెట్టిన డబ్బుకు న్యాయం చేసినవి జెర్మాండర్లు అనే గుబురు పొదలు, రెండు రకాలు.

మొదటిది వాల్ జెర్మాండర్. అడుగు ఎత్తు, రెండడుగుల వెడల్పు, అంతకు మించి గొడవ చేయదు. ఆకు చిన్నది, ముదురు ఆకుపచ్చ, అంచుల్లో గంట్లు, పైన మెరుపు. తులసి, పుదీనాల కుటుంబమే కాబట్టి కాడను వేళ్ల మధ్య తిప్పితే నాలుగు పలకలూ తగులుతాయి. ఎండలు ముదిరాక గులాబీ, ఊదా కలిసిన పూలు పూస్తుంది. ఆ రోజుల్లో దాని మీద తేనెటీగల సందడి చూసి మా చిన్నవాడు ఆ దారిన నడవడం మానేస్తాడు. ఇంగ్లండులో ట్యూడర్ రాజుల కాలం నాటి తోటల్లో, మెలికల ముగ్గు వేసినట్టు కత్తిరించి పెంచే వరుసలకు దీన్ని వాడేవారట. మా వాకిలి బాట వెంట అంత కళాపోషణ లేదు గానీ, అడుగున్నర ఎడంతో నాటిన మొక్కలు కలిసిపోయి చక్కటి అంచుగా నిలిచాయి. పూలు వాడగానే మూడో వంతు కత్తిరిస్తే చాలు.

రెండోది బుష్ జెర్మాండర్. ఇదే నాకు ముద్దు. వెండి పూత పూసినట్టున్న ఆకులు, తెల్లటి కాడలు, చలికాలం చివర్లోనే మొదలయ్యే నీలం పూలు. అజూరియం అనే రకంలో ఆ నీలం ఇంకా చిక్కగా ఉంటుంది. ఈ రకాన్ని డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఆర్బొరీటం (రకరకాల చెట్లూ మొక్కలూ పెంచే తోట) తన మేటి మొక్కల జాబితాలో పెట్టింది. అయితే చోటు విషయంలో మొహమాటం లేని మొక్క ఇది. నాలుగు నుంచి ఆరడుగుల ఎత్తు, దాదాపు అంతే వెడల్పు. నేను మొక్క కొన్న ఒక పెద్ద దుకాణంలో చీటీ మీద మూడడుగులని రాసి ఉంది. ఆ లెక్కన కిటికీ కింద నాటిన మొక్కకు ఏటా కత్తెర పట్టక తప్పడం లేదు. అదే దుకాణంలో కొన్న వాల్ జెర్మాండర్ కుండీల్లో వేళ్లు చుట్టలు చుట్టుకుపోయి ఉన్నాయి, వాటిని విడదీయడానికే ఒక సాయంత్రం పట్టింది. ఆర్బొరీటం వాళ్లు తమ నర్సరీలో జరిపే అమ్మకాల్లో మాత్రం మొక్కలు ఆరోగ్యంగా ఉంటాయి. ఏ మొక్కకు ఎంత చోటు కావాలో అడిగితే అక్కడి స్వచ్ఛంద సేవకులు ఓపిగ్గా చెబుతారు.

ఇక నీళ్ల సంగతి. చీటీ చెప్పేది సగం నిజమే. నాటిన తొలి వేసవి అంతా వారానికోసారి వేళ్లు తడిసేలా పెట్టాలి. వేరు లోతుకు దిగాక మా నేలలో రెండు మూడు వారాలకోసారి డ్రిప్ వదిలితే సరిపోతోంది. అసలు ప్రమాదం ఎండ కాదు, చలికాలపు బురద. ఇవి మధ్యధరా తీరపు గుట్టల మీద, రాళ్ల మధ్య పెరిగే జాతులు. బంకమన్నులో జనవరి నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది. మేము నేలను కాస్త ఎత్తు చేసి, కంకర కలిపి నాటాం. ఎరువు జోలికి పోలేదు, పోనక్కర్లేదు కూడా. హైదరాబాదు నుంచి మా వదిన కొమ్మ తెమ్మని అడుగుతుంది. అనుమతి పత్రాలు లేకుండా మొక్కలు తీసుకెళ్లడం కుదరదన్న మాట అటుంచి, వేడీ తడీ కలిసివచ్చే మన వానాకాలం దీనికి పడదు.

కొండ దిగి వచ్చే జింకలు మా గులాబీ మొగ్గల్ని ఒక్క రాత్రిలో తినేశాయి గానీ, వీటిని మూతి పెట్టి వదిలేశాయి. చేదు మరి.

ఆ చేదు గురించే ఇంకో మాట. మా అత్తయ్య ఆకు నలిపి వాసన చూసి, "కషాయానికి పనికొస్తుందేమో చూడమ్మా" అన్నారు. వద్దని గట్టిగా చెప్పాను. ఐరోపాలో పాతకాలం నుంచి వాల్ జెర్మాండర్‌ను మందుగా వాడిన మాట నిజమే. కానీ ఫ్రాన్సులో బరువు తగ్గడానికని దాని పొడి నింపిన క్యాప్సూళ్లు మింగినవారికి కాలేయం దెబ్బతిని, కామెర్లు వచ్చాయి. 1992లో అక్కడి ప్రభుత్వం ఆ మందుల్ని నిషేధించింది. తులసి చుట్టమే కదా అని ఎవరూ టీలో వేసుకోకండి. ఇంత ముఖ్యమైన సంగతి నేను కొన్న ఏ కుండీ చీటీ మీదా కనిపించలేదు.

కొనదలచినవారు అక్టోబరులో కొనండి. నాటిన వెంటనే వానలు అందుకుంటాయి. నాలుగంగుళాల కుండీ చాలు. ఐదు గాలన్ల కుండీకి అంత డబ్బు పోయడం దండగ, రెండో ఏడు తిరిగేసరికి రెండూ ఒకే ఎత్తులో ఉంటాయి. చోటు తక్కువైతే వాల్ జెర్మాండర్, ఎండ కొట్టే ప్రహరీ పక్కన జాగా ఉంటే అజూరియం.