ట్రైకేర్ ఉండగా స్టేట్ జాబ్ ప్లాన్ మేలా, సప్లిమెంట్ మేలా?

అమెరికాలో ఆర్మీలోనో నేవీలోనో 20 ఏళ్లు చేసి రిటైరై, తర్వాత స్టేట్ గవర్నమెంట్‌లోనో కౌంటీలోనో చేరినవాళ్లకి ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (ఏటా ఆఫీసు హెల్త్ ప్లాన్ ఎంచుకునే టైమ్) వచ్చిందంటే ఇదే తలనొప్పి. మిలిటరీ వాళ్లకి, రిటైరీలకి గవర్నమెంట్ ఇచ్చే హెల్త్ కవరేజ్ ట్రైకేర్ ఎలాగూ ఉంది, దానికి తోడు ఆఫీసు ప్లాన్ తీసుకోవాలా, ట్రైకేర్ సప్లిమెంట్ అని ఇంకోటి చూపిస్తారే అది తీసుకోవాలా, లేక ఏదీ వద్దని ఊరుకోవాలా?

ఆఫీసు ప్లాన్ తీసుకుంటే బిల్లు ముందు ఆ ప్లానే కట్టాలి, ట్రైకేర్ ఆ తర్వాతే చూస్తుంది. సప్లిమెంట్ అయితే దీనికి రివర్స్, ముందు ట్రైకేర్ కడుతుంది, మన వంతు అని అది వదిలేసిన దాన్ని సప్లిమెంట్ కడుతుంది.

లెక్క వేసి చూద్దాం. 2018 జనవరి 1కి ముందు సర్వీసులో చేరిన రిటైరీ, ట్రైకేర్ సెలెక్ట్‌లో (డాక్టర్‌ని మనమే ఎంచుకునే ట్రైకేర్ ప్లాన్) ఉన్నాడు, డిడక్టబుల్ (ప్లాన్ కట్టడం మొదలుపెట్టే ముందు ఏటా మనం కట్టాల్సిన మొత్తం) అయిపోయింది, ట్రైకేర్‌తో ఒప్పందం ఉన్న డాక్టర్ల నెట్‌వర్క్‌లో లేని డాక్టర్ దగ్గరికెళ్లాడు అనుకోండి. ట్రైకేర్ ఒప్పుకునే రేటు 200 డాలర్లు అయితే అందులో 25 శాతం, అంటే 50 మన వంతు. పైగా ట్రైకేర్ రేటుకి ఒప్పుకోని డాక్టర్ ఇంకో 15 శాతం దాకా ఎక్కువ అడగొచ్చు, అదో 30. మొత్తం 80 జేబులోంచి పోతుంది, ఆ 30 అయితే ఏడాది లిమిట్ (ఏడాదిలో మన జేబులోంచి ఇంతకు మించి పోకూడదనే హద్దు) లెక్కలోకి కూడా రాదు. మంచి సప్లిమెంట్ ఉంటే ఈ 80 వెనక్కి వస్తుంది. కానీ ట్రైకేర్ అసలు కవర్ చెయ్యని ట్రీట్‌మెంట్‌కి సప్లిమెంట్ కూడా మామూలుగా పైసా ఇవ్వదు, ఇది చాలామంది చూసుకోరు.

మరి ఆఫీసు వాళ్లు సప్లిమెంట్ ప్రీమియంలో కొంత కట్టొచ్చు కదా అంటే, కుదరదు. 20 మంది, అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న చోట ఆఫీసు ప్లాన్ వదిలేసి ట్రైకేర్‌కి వెళ్లమని డబ్బు ఆశ చూపకూడదని 2008 జనవరి నుంచి రూల్, అందుకే సప్లిమెంట్ ప్రీమియం మొత్తం మన జీతంలోంచే కట్ అవుతుంది. అదే మామూలు ప్లాన్‌కైతే ఆఫీసు తన వాటా కడుతుంది, సప్లిమెంట్ తీసుకున్నప్పుడు ఆ వాటా వదులుకున్నట్టే.

అందుకని నన్నడిగితే, ఆఫీసు ప్లాన్‌లో మన వాటా బాగా తక్కువైతే అదే తీసుకుని ట్రైకేర్‌ని వెనకాల ఉంచుకోండి. మందుల విషయంలో మాత్రం ఒక మెలిక ఉంది, ఆ ప్లాన్‌లో మందుల కవరేజ్ ఉంటే ట్రైకేర్ మెయిల్ ఆర్డర్ మామూలుగా వాడుకోలేం, బేస్‌లో ఉన్న మిలిటరీ ఫార్మసీకి మాత్రం ఎప్పటిలాగే వెళ్లొచ్చు. ఫ్యామిలీ ప్లాన్‌కి జీతంలోంచి పెద్ద మొత్తం పోతోంది, ఇంట్లో ఎవరో ఒకరు డాక్టర్ల చుట్టూ తిరుగుతూనే ఉంటారు, ఆ డాక్టర్లంతా ట్రైకేర్ తీసుకునేవాళ్లే అంటే మాత్రం సెలెక్ట్ ప్లస్ సప్లిమెంట్ కలిసొస్తుంది.

ట్రైకేర్ ప్రైమ్‌లో (ఫ్యామిలీ డాక్టర్ ద్వారానే అన్నీ నడిచే ప్లాన్) ఉండి, ఆ డాక్టర్ రాసిచ్చే రిఫరల్ తోనే స్పెషలిస్టుల దగ్గరికి వెళ్తూ, ఏడాదికి ఒకటీ అరా విజిట్లే అయితే సప్లిమెంట్ దండగ అనే అంటాను. కోపేలు (విజిట్‌కి ఇంతని మనం కట్టేవి) చిన్నవే, పైన చెప్పిన పాత బ్యాచ్ రిటైరీలకి ఫ్యామిలీ మొత్తానికి ఏడాదికి 3,000 డాలర్ల లిమిట్ ఉండనే ఉంది. రిఫరల్ లేకుండా మన ఇష్టానికి వెళ్తే మాత్రం డిడక్టబుల్ పోను సగం మనమే కట్టాలి, అది ఆ లిమిట్‌లోకి రాదు.

హెచ్‌ఎస్‌ఏలో (వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా డబ్బు దాచుకునే ఖాతా) డబ్బు వేసుకుందామని హై డిడక్టబుల్ ప్లాన్ వైపు చూస్తున్నవాళ్లు ఆగండి, ట్రైకేర్ ఉన్నంతకాలం అందులో వెయ్యడానికి లేదు. పిల్లల సంగతి కూడా చూసుకోండి, ఆఫీసు ప్లాన్‌లో 26 దాకా ఉంటారు, ట్రైకేర్‌లో 21కే అయిపోతుంది, ఫుల్ టైమ్ కాలేజీ అయితే 23, ఆ తర్వాత యంగ్ అడల్ట్ ప్లాన్‌కి విడిగా ప్రీమియం కట్టుకోవాలి.