కూల్ రూఫ్ పెయింట్: నిద్రకు మంచిదే, కరెంటు బిల్లుకు అంత సీన్ లేదు

మే నెలలో రాత్రి తొమ్మిదింటికి పై అంతస్తు గదిలో ఫ్యాన్ వేస్తే వేడిగాలి కొడుతుంది. తప్పు ఫ్యాన్‌ది కాదు. మధ్యాహ్నమంతా ఎండకు కాలిన అయిదంగుళాల స్లాబు ఆ వేడిని కిందికి దింపడానికి నాలుగైదు గంటలు తీసుకుంటుంది. బయట చల్లబడి మనం మంచం ఎక్కే వేళకి గది పైకప్పు బాగా వేడెక్కి ఉంటుంది. ఫ్యాన్ ఆ పైకప్పు కిందున్న గాలినే కిందికి తోస్తుంది. పెయింట్ షాపుల్లో కూల్ రూఫ్ పేరుతో అమ్మే తెల్ల పూత ఈ ఒక్క సమస్యకు మందు. పని చేస్తుందా అంటే చేస్తుంది. డబ్బా మీద రాసినంతగా, అమ్మేవాళ్లు చెప్పినంతగా చేస్తుందా అన్నదే అసలు ప్రశ్న.

మిట్టమధ్యాహ్నం చదరపు మీటరు డాబా మీద పడే ఎండ దాదాపు 1000 వాట్లు, అంటే ఒక ఇస్త్రీపెట్టెంత. పాతబడి నల్లబారిన సిమెంటు స్లాబు అందులో 700 వాట్లకు పైగా మింగుతుంది. కొత్తగా వేసిన మంచి తెల్ల పూత 200 దగ్గర ఆపుతుంది. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు పూత వేసిన స్లాబు పైభాగం మామూలు స్లాబు కన్నా 20 డిగ్రీలకు పైగా చల్లగా ఉండటం మామూలే. చెప్పుల్లేకుండా నిలబడితే తేడా తెలిసిపోతుంది. అయితే డబ్బా మీద పెద్దక్షరాల్లో కనిపించే ఆ డిగ్రీలన్నీ స్లాబు పైభాగానివి. గదిలో తగ్గేది రెండు మూడు డిగ్రీలు. 2017లో హైదరాబాద్‌లోని దేవరకొండ బస్తీలో 25 చిన్న ఇళ్ల కప్పుల మీద తెల్లటి పొర పరిచి చూసినప్పుడు గదుల్లో సగటున తగ్గింది కూడా 2 డిగ్రీలే. రెండు డిగ్రీలేనా అని తీసిపారేయకండి. తలమీది స్లాబు నుంచి సెగ కొట్టకపోవడం థర్మామీటర్‌లో పూర్తిగా కనపడదు, పడుకున్నవాళ్లకు తెలుస్తుంది.

షాపులో అడగాల్సింది రెండు విషయాలు. మొదటిది ఎస్‌ఆర్‌ఐ (సోలార్ రిఫ్లెక్టెన్స్ ఇండెక్స్), అంటే ఎండలో పూత ఎంత చల్లగా ఉంటుందో చెప్పే అంకె. నలుపుకి 0, ప్రామాణిక తెలుపుకి 100గా పెట్టుకున్న కొలత ఇది. మంచి కొత్త పూతలు 100 దాటతాయి కూడా. డబ్బా మీద లేకపోతే కంపెనీ టెక్నికల్ షీటు అడగండి. అందులోనూ లేకపోతే అది వాటర్‌ప్రూఫింగ్ పెయింటుకు పేరు మార్చి అమ్ముతున్నదే అనుకోవచ్చు. రెండోది, మూడేళ్ల ఎండా వానా తిన్నాక ఆ విలువ ఎంత ఉంటుందన్నది. కొత్తలో ఎండలో 80 శాతం తిప్పికొట్టే పూత దుమ్ము పట్టాక 60 శాతానికి దిగిపోవడం సాధారణం. ఈ రెండో ప్రశ్నకు జవాబిచ్చే కంపెనీ పూత కొనడం మేలు. ఒక్కటి మాత్రం వద్దు: వెండి రంగు అల్యూమినియం పెయింట్. అది ఎండను కొంత తిప్పికొట్టినా, ఎక్కిన వేడిని రాత్రి ఆకాశంలోకి వదలదు. తెలుపు రెండూ చేస్తుంది.

ఇక డబ్బుల సంగతి. వెయ్యి చదరపు అడుగుల డాబా అనుకుందాం. లీటరుకు ఇన్ని పదుల అడుగులు వస్తాయని డబ్బా మీద రాసేది నున్నటి గోడ లెక్క. గరుకు స్లాబు మీద రెండు పూతలు వేస్తే లీటరుకు 15 నుంచి 25 అడుగులకు మించి రాదు. అంటే దాదాపు 50 లీటర్లు. లీటరు 200 నుంచి 400 రూపాయల దాకా ఉంది. ప్రైమరు, పగుళ్ల పని, కూలి కలిపితే అడుక్కి 20-30 రూపాయలు, మొత్తం పాతిక వేలు అటూ ఇటూ. పెయింటర్ 25 లీటర్లు చాలంటే నీళ్లు కలపబోతున్నాడని అర్థం. డబ్బాలు మీరే కొనండి, మూతలు మీ ముందే తీయించండి, ఖాళీ డబ్బాలు లెక్కపెట్టుకోండి.

రెండేళ్లలో కరెంటు బిల్లులోనే పెట్టుబడి తిరిగొస్తుందని అమ్మేవాళ్లు అంటారు. హైదరాబాద్ ప్రాంతంలోని ఏసీ ఆఫీసు భవనాల మీద ఐఐఐటీ హైదరాబాద్, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ పరిశోధకులు కొలిచి 2012లో ప్రచురించిన లెక్క ఒకటుంది. మామూలు కాంక్రీటు కప్పుకు తెలుపు వేస్తే చదరపు మీటరుకు ఏడాదికి 13-14 యూనిట్లు, ఏసీ కరెంటులో 10 నుంచి 19 శాతం మిగిలాయి. అవి పగలంతా ఏసీ నడిచే ఆఫీసులు. మన ఇంట్లో ఏసీ ఉండేది ఒక్క బెడ్‌రూమ్‌లో, సుమారు 120 అడుగులు, అంటే 11 చదరపు మీటర్లు. అదే లెక్కన ఏడాదికి 150 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలేసుకున్నా 1200. పాతిక వేలు తిరిగి రావడానికి ఇరవై ఏళ్లు, ఈలోగా పూత మూడు నాలుగు సార్లు పోతుంది. పై అంతస్తంతా ఏసీ ఉన్న ఇల్లు, క్లినిక్, కోచింగ్ సెంటర్, షోరూమ్ అయితే లెక్క తిరగబడుతుంది, అక్కడ రెండు మూడేళ్ల మాట నమ్మొచ్చు. మిగతావాళ్లు దీన్ని నిద్ర కోసం, స్లాబు మన్నిక కోసం కొంటున్నామనుకుని కొంటే నిరాశ ఉండదు.

తెలంగాణలో ఒక మినహాయింపు ఉంది, దానికి కారణం డాబా స్లాబు కాదు, కరెంటు చార్జీల స్లాబు. నెలకు 200 యూనిట్ల దాకా వాడితే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80 చొప్పున 820 రూపాయలు. 201వ యూనిట్ పడగానే మొదటి 200కూ 5.10 పడి, ఆ ఒక్క యూనిట్‌కు 7.70 కలిసి 1027.70 అవుతుంది. ఫిక్స్‌డ్ చార్జీలు వేరే. ఉచిత కరెంటు పథకం గృహజ్యోతిలో ఉన్న ఇంటికైతే 200 లోపు సున్నా, దాటితే మొత్తం బిల్లు. ఏప్రిల్, మే నెలల్లో 205, 215 దగ్గర ఊగిసలాడే ఇళ్లకు ఆ పది పదిహేను యూనిట్లే అసలు డబ్బు. కానీ ఆ పని ఇంకా చవగ్గా ఫ్యాన్ చేస్తుంది. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు, తక్కువ కరెంటు తినే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లు. రోజుకు 15 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యాన్‌కు నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. బిల్లు తగ్గాలంటే ముందు ఎక్కువసేపు తిరిగే రెండు ఫ్యాన్లు మార్చండి, ఆ తర్వాతే డాబా ఎక్కండి.

పూత ఎందుకు పోతుందో చూస్తే నూటికి తొంభై చోట్ల తప్పు పెయింటుది కాదు, కింద స్లాబుది. డాబా మీద బకెట్లతో నీళ్లు పోసి రెండు రోజులు వదిలేయండి. ఆ తర్వాతా ఎక్కడైనా మడుగు నిలిచి ఉంటే అక్కడ పూత మెత్తబడి పొరలుగా లేచిపోతుంది. యాక్రిలిక్ పూతలు వాన తడుపును తట్టుకుంటాయి, నిలవ నీటిని కాదు. ముందు వాలు సరిచేయించాలి, వంద అడుగులకు అడుగు వాలైనా ఉండాలి. రెండో పరీక్ష చెమ్మకు: మూడడుగుల పాలిథీన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రాత్రీ పగలూ ఉంచండి. లోపల నీటి చుక్కలు కడితే స్లాబు ఇంకా తడి. అప్పుడు వేస్తే ఎండకు ఆ తడి ఆవిరై పూతను బుడగలుగా లేపుతుంది. కొత్తగా పోసిన స్లాబుకైతే కనీసం 28 రోజులు ఆగాలి.

పని వరుస ఇలా ఉండాలి. పాచిని తీగ బ్రష్‌తో గీకి, బ్లీచింగ్ పౌడరు నీళ్లు చల్లి, అరగంటాగి కడగాలి. ఈ బ్లీచింగ్ మెట్టు చాలామంది ఎగ్గొడతారు, బతికున్న పాచి మీద వేసిన పూత వానాకాలంలో చేప పొలుసుల్లా లేస్తుంది. రెండు మూడు రోజులు ఎండనివ్వాలి. పగుళ్లను ఇంగ్లిష్ వి ఆకారంలో కొంచెం వెడల్పు చేసి, దుమ్ము ఊది, యాక్రిలిక్ క్రాక్ ఫిల్లర్ నింపాలి. సిమెంటు పాలు పోస్తే సరిపోదు, అది సాగదు, మళ్లీ అక్కడే చీలుతుంది. పిట్టగోడ, స్లాబు కలిసే మూలను గుండ్రంగా పూడ్చి, పూతను గోడమీదికి ఆరంగుళాలు ఎక్కించాలి. ఆ తర్వాత ప్రైమరు. తర్వాత మొదటి కోటు ఒక దిక్కుగా, ఆరేడు గంటలాగి రెండో కోటు అడ్డంగా. సన్న పగుళ్లు ఎక్కువగా ఉన్న పాత స్లాబుకు రెండు కోట్ల మధ్య ఫైబర్ మెష్ పరచడం దండగ ఖర్చు కాదు.

వేళ కూడా ముఖ్యమే. ఫిబ్రవరి, మార్చి నెలలు మంచివి. పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు దాటాక వెయ్యాలి. మిట్టమధ్యాహ్నం కాలుతున్న స్లాబు మీద వేస్తే పైపొర వెంటనే ఆరి, కింద పచ్చిగా ఉండిపోతుంది. తెలుపు మీద ఎండ కళ్లలో పొడుస్తుంది కాబట్టి పనివాళ్లకు నల్లద్దాలు ఇప్పించండి. పక్కనే ఎత్తయిన అపార్ట్‌మెంటు ఉంటే వాళ్ల కిటికీల్లోకి వెలుగు కొడుతుంది, ముందే ఒక మాట చెప్పి ఉంచితే తగువు ఉండదు.

పాతిక వేలు ఎక్కువనిపిస్తే సున్నం ఉంది. తక్కువేమీ కాదు, కొత్తగా కొట్టిన తెల్ల సున్నం ఎండను తిప్పికొట్టడంలో పెయింటుకు దగ్గరగానే ఉంటుంది. పైన లెక్కేసిన వెయ్యి అడుగుల డాబాకు రెండు మూడు చిక్కటి పూతలకు 25-30 కిలోలు, పట్టు కోసం కిలో రెండు కిలోల తెల్ల జిగురు. రాళ్ల సున్నమైతే ఒక రోజు ముందే నానేయాలి. నీళ్లలో సున్నం పోయాలి గానీ సున్నం మీద నీళ్లు గుమ్మరించకూడదు, సలసలా కాగి కళ్లలో పడితే చూపే పోతుంది. గుడ్డలో వడగట్టి, సాయంత్రం స్లాబు తడిపి, తడి మీదే కొట్టాలి. సున్నం నెమ్మదిగా ఆరితేనే గట్టిపడుతుంది, ఎండలో కొడితే పొడిపొడిగా రాలుతుంది. ఖర్చు అడుక్కి మూడు నాలుగు రూపాయలు. ఆయుష్షు ఒక్క వేసవి. వడియాలు, ఒరుగులు ఎండబెట్టే డాబా అయితే పాదాలకీ చాపలకీ అంటుతుంది. వాన నీరు సంపులోకి పట్టుకునేవాళ్లు మొదటి రెండు వానల నీటిని బయటికి వదిలేయాలి. అద్దె ఇంటివాళ్లకు మాత్రం ఇదే సరైన ఎంపిక.

తెల్ల పెంకు ముక్కలు పరిచే చైనా మొజాయిక్ పదిహేనేళ్లు దాటి నిలుస్తుంది, కడిగితే మళ్లీ మెరుస్తుంది. కాకపోతే కింద రెండంగుళాల మాలు పడితే చదరపు మీటరుకు 100 కిలోల పైనే బరువు. పాత స్లాబు అయితే ఇంజినీరుకు చూపించకుండా వద్దు.

రేకుల ఇళ్లకు ఈ పూత అన్నిటికన్నా ఎక్కువ ఉపకారం. రేకుకు మందం లేదు కాబట్టి తేడా అదే మధ్యాహ్నం తెలుస్తుంది. ఇనప రేకుకు తుప్పు గీకి ప్రైమరు తప్పనిసరి. సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, వాటిని పొడిగా ఉన్నప్పుడు తీగ బ్రష్‌తో గీకకండి, ఆ నార ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. తడిపి స్పాంజితో తుడిచి వెయ్యాలి. రేకు మీద అడుగు పెట్టకుండా అడ్డ చెక్క వేసుకుని పని చేయించాలి.

రామగుండం, కొత్తగూడెం, రెంటచింతల లాంటి పొడి ఎండ ఊళ్లలో దీని ఫలితం బాగా తెలుస్తుంది. విశాఖ, కాకినాడల్లో స్లాబు సెగ తగ్గినా ఉక్కపోత అలాగే ఉంటుంది, అది గాలిలోని తేమ. పైగా అక్కడ నల్లపాచి తొందరగా పడుతుంది, పాచి నిరోధకం కలిపిన రకమే తీసుకోవాలి. రెండంతస్తుల ఇంట్లో కింది వాటాకు ఒరిగేదేమీ లేదు. పడమటి గోడ ఎండ సంగతి వేరు, దానికి కిటికీ బయట చాపో గ్రీన్ నెట్టో కట్టాలి.

తెలంగాణ ప్రభుత్వం 2023-28 కూల్ రూఫ్ విధానంలో 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు, విస్తీర్ణంతో పని లేకుండా వాణిజ్య, ప్రభుత్వ భవనాలకు దీన్ని తప్పనిసరి చేసింది. చిన్న ఇళ్లకు ఇష్టం. కొత్త ఇల్లు కట్టేవాళ్లు ఫ్లోరింగ్ ఖరారు చేసేటప్పుడే డాబా సంగతీ తేల్చుకుంటే, వాటర్‌ప్రూఫింగ్‌తో కలిసిపోయి విడి కూలి తప్పుతుంది.

వేసేశాక ఏటా శివరాత్రి నాటికి సబ్బుపొడి, కొబ్బరి చీపురుతో ఒకసారి కడిగితే పోయిన తెలుపు చాలావరకు తిరిగొస్తుంది. యాసిడ్ వద్దు. ట్యాంకు కింద, డిష్ స్టాండు కాళ్ల కింద రబ్బరు ముక్కలు పెట్టండి, పూత మొదట చిరిగేది అక్కడే. ఇంకా నమ్మకం కుదరకపోతే లీటరు డబ్బా ఒకటి కొని, బెడ్‌రూమ్ నెత్తిన నాలుగడుగుల చదరం వేసి, వారం తర్వాత మధ్యాహ్నం రెండింటికి దాని మీద ఒక కాలు, పక్కన ఒక కాలు పెట్టి చూడండి. రెండో కాలు అయిదు సెకన్లు ఆగదు.